ఎడమ అంచున 78: ఆంథనీ మున్యోజ్ ఆట గురించి ఒక ప్రసంగం

సభకు నమస్కారం. పెద్దలకు, మిత్రులకు, వెనక వరుసల్లో కూర్చున్న పిల్లలకు నా కృతజ్ఞతలు.

అమెరికన్ ఫుట్‌బాల్ గురించి తెలుగులో మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, ఎవరిని ఎంచుకోవాలా అని నేను క్షణం కూడా తడుముకోలేదు. సిన్సినాటీ బెంగాల్స్ జట్టులో 1980 నుంచి 1992 దాకా పదమూడు సీజన్లు ఎడమ చివర నిలబడి ఆడిన ఆంథనీ మున్యోజ్ గురించి మాట్లాడతానని చెప్పాను. లెఫ్ట్ టాకిల్ స్థానంలో ఆయనను మించినవాడు ఈ ఆటలో ఇంతవరకూ రాలేదని నమ్మేవాళ్లలో నేనొకణ్ణి. ఆ నమ్మకానికి ఆధారాలేమిటో మీ ముందు పెట్టడమే ఈ సాయంత్రం నా పని.

ఆ పనిలో మొదటే ఒక చిక్కు ఉంది. క్రికెట్‌లో ఒకడు గొప్పవాడని చెప్పాలంటే పరుగులున్నాయి, వికెట్లున్నాయి. ఫుట్‌బాల్‌లో కూడా బంతి విసిరేవాడికీ, పట్టేవాడికీ, దాన్ని చంకన పెట్టుకుని పరిగెత్తేవాడికీ గజాల లెక్క ఉంది. బంతి విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు; అతడు బంతి విసరకముందే అతణ్ణి పట్టి పడగొట్టడాన్ని సాక్ అంటారు. 1982 నుంచి దానినీ అధికారికంగా లెక్కిస్తున్నారు. కానీ ఆ సాక్ జరగకుండా ఆపినవాడికి మాత్రం ఎన్‌ఎఫ్‌ఎల్ అనే వృత్తి ఫుట్‌బాల్ లీగ్ రికార్డుల్లో ఒక గడి లేదు. ఎదుటివాణ్ణి అరవైసార్లు ఆపి ఒక్కసారి చొక్కా పట్టుకుంటే చాలు, రిఫరీ పసుపు రుమాలు విసిరి, మైకులో అతడి నంబరు చదివి, జట్టును పది గజాలు వెనక్కి పంపుతాడు. ఇలా వరుసలో నిలబడి ఎదుటివాళ్లను ఆపే లైన్‌మన్ పేరో నంబరో స్టేడియంలో వినిపించేది సాధారణంగా అటువంటి వేళల్లోనే. మున్యోజ్ గొప్పతనాన్ని చెప్పడానికి అంకెలు సరిపోవు, ఆయన ఆట ఎలా ఉండేదో చూపించక తప్పదు.

నాకు అది చూడటం నేర్పినవారు వేరొకరు. నేను సిన్సినాటీ వచ్చిన కొత్తలో ఈ ఆట నాకు ఒక తోపులాటలాగే కనబడేది. నాతో పనిచేసే ఒక పెద్దాయన ఒక ఆదివారం నన్ను ఒహాయో నది ఒడ్డునున్న రివర్‌ఫ్రంట్ స్టేడియానికి తీసుకువెళ్లి, ఆట మొదలవబోతుండగా, మొదటి పావు ఆట అయ్యేవరకు బంతివైపు చూడవద్దని, ఎడమ చివరనున్న 78వ నంబరునే చూడమని అన్నారు. చుట్టూ జనమంతా ఒకవైపు చూస్తుంటే నేను వేరొకవైపు చూస్తూ కూర్చోవడం మొదట్లో వింతగా అనిపించింది. కానీ ఆ పదిహేను నిమిషాల ఆట ముగిసేసరికి, ఇన్నాళ్లూ నేను చూడవలసినదాన్ని చూడలేదని అర్థమైంది.

ఆట తెలియనివాళ్ల కోసం వరుస ఎలా ఉంటుందో చెబుతాను. బంతి ఉన్న జట్టు తరఫున పదకొండుగురు ఆడతారు. వారిలో అయిదుగురు బంతి ఉన్న గీత దగ్గర వరుసగా నిలబడతారు: మధ్యలో బంతిని వెనక్కి అందించే సెంటర్, అతడికి చెరోపక్క ఒక గార్డ్, వారికి అవతల చెరోపక్క ఒక టాకిల్. టాకిల్ వరుసకు చివరివాడు కావడంవల్ల అతడికి అవతలిపక్క సాధారణంగా తోడు ఉండదు. ఖాళీ మైదానం మీదుగా చుట్టూ తిరిగి దూసుకొచ్చే డిఫెన్సివ్ ఎండ్‌ను ఒంటరిగా ఎదుర్కోవాలి. మన కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి మూలనున్నవాడు చీలమండ దొరికితే పట్టి లాగేయవచ్చు. ఇక్కడ పట్టుకోవడమే నేరం. పట్టు పట్టకుండా, వెనక్కి నడుస్తూ, తనకంటే వేగంగా ముందుకు పరిగెత్తుకొచ్చే మనిషిని సుమారు మూడు సెకన్లపాటు తన ముందే ఉంచుకోవాలి.

ఆ మూడు సెకన్లలో మున్యోజ్ ఏమి చేసేవారో దగ్గరగా చూద్దాం. బంతి కదలగానే ఆయన ఎడమ పాదం వెనక్కి, కొంచెం బయటికి జరుగుతుంది. కుడి పాదం దాని వెంటే నేలను దాదాపు రాసుకుంటూ వస్తుంది. కాళ్లు ఎప్పుడూ ఒకదానికొకటి అడ్డుపడవు, పాదాల మధ్య ఎడం తగ్గదు, మోకాళ్లు వంగే ఉంటాయి, నడుము కుర్చీలో కూర్చోబోయే మనిషి నడుములా కిందికి దిగి ఉంటుంది, వీపు మాత్రం నిటారుగా ఉంటుంది. ఎదుటివాడు దగ్గరికి వచ్చేదాకా చేతులు బయటికి రావు. చాలామంది లైన్‌మన్లు ఓడిపోయేది ఇక్కడే: తొందరపడి ముందుకు వాలతారు, వాలినవాడి బరువు ముని వేళ్లమీదికి వస్తుంది, అప్పుడు చేతిని ఒక్కసారి కొట్టి పక్కకు తప్పుకుంటే చాలు, అతడు బోర్లా పడతాడు. మున్యోజ్ ఆగేవారు. ఎదుటివాడు తన రెండు చేతుల అందుబాటులోకి వచ్చిన క్షణంలో, అరచేతులు రెండూ అతడి రొమ్ముమీద పడేవి. ఆ దెబ్బకు దూసుకొస్తున్న మనిషి అడుగు తడబడేది. ఇంకా వదలకుండా లోపలికి మెలితిరిగితే, అప్పటికే కుడి పాదం అక్కడ సిద్ధంగా ఉండేది.

ఈ విద్యకు కాలం కూడా కలిసి వచ్చింది. అంతకుముందు బంతి విసిరే వేళల్లో అడ్డుపడేవాళ్లు మోచేతులు మడిచి చేతులను తమ రొమ్ముకు దగ్గరగానే ఉంచుకోవలసి వచ్చేది. 1978లో లీగ్ నియమం మార్చి, చేతులు చాచి అరచేతులతో నెట్టవచ్చని అనుమతించింది. ఆ మార్పు వచ్చిన రెండేళ్లకు మున్యోజ్ లీగ్‌లోకి వచ్చారు. అప్పటిదాకా భుజాలతో, కండబలంతో నడిచిన పని అప్పుడప్పుడే చేతులతో, పాదాలతో చేసే విద్యగా మారుతోంది. పాత పద్ధతి ఒంటికి పట్టించుకున్నవాళ్లు కొత్తది నేర్చుకోవలసి వచ్చింది. ఆయనకు మరచిపోవలసిన పాఠం అంటూ పెద్దగా లేకపోయింది.

ఆ పాదాలు ఎక్కడినుంచి వచ్చాయన్నది ఆయన బాల్యంలో ఉంది. మున్యోజ్ 1958 ఆగస్టు 19న కాలిఫోర్నియాలోని ఒంటారియో పట్టణంలో, మెక్సికో మూలాలున్న కుటుంబంలో పుట్టారు. అయిదుగురు పిల్లలను తల్లి ఒక్కతే పెంచింది. వయసుకు మించిన ఒళ్లు కావడంతో పిల్లల ఫుట్‌బాల్ లీగ్‌లో ఆయనకు చోటు దొరకలేదు. అందుకని బేస్‌బాల్ ఆడారు. ఆ ఆట ఆయనను వదల్లేదు: సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ ఆడుతూనే, 1978లో జాతీయ ఛాంపియన్‌గా నిలిచిన ఆ విశ్వవిద్యాలయ బేస్‌బాల్ జట్టులో పిచ్చర్‌గా బంతి విసిరారు. ఆరడుగుల ఆరు అంగుళాల ఎత్తు, దాదాపు 126 కిలోల బరువు ఉన్న మనిషికి అంత తేలికైన అడుగు ఎలా అబ్బిందని ఆశ్చర్యపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఒంటికాలి మీద దేహమంతటి బరువునూ నిలిపి, దాన్ని మరో కాలిమీదికి మార్చడం పిచ్చర్‌కు నిత్యకృత్యం.

అయితే ఆ కాళ్లే ఆయన వృత్తిని మొదలుకాకముందే ముగించబోయాయి. విశ్వవిద్యాలయంలో ఉండగా మోకాళ్లకు మూడుసార్లు శస్త్రచికిత్స జరిగింది. చివరి సంవత్సరం, 1979లో, సీజన్ మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిన్నది. ఆ ఏడాదికి ఇక ఆడడని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం 1980 జనవరి 1న పాసడీనాలో జరిగే విశ్వవిద్యాలయ జట్ల పెద్ద ఆట రోజ్ బౌల్ నాటికి తిరిగి రావాలని పట్టుబట్టి సాధన చేసి, ఒహాయో స్టేట్ మీద జరిగిన ఆ ఆటలో బరిలోకి దిగారు. చివరి నిమిషాల్లో 16–10తో వెనుకబడి ఉన్న జట్టు 83 గజాలు నడిచి 17–16తో గెలిచింది. ఆ రోజు ఆ జట్టులో బంతి పట్టుకుని పరిగెత్తే చార్లెస్ వైట్ 247 గజాలు పరిగెత్తాడు. వైట్‌కు దారి తీసినవాళ్లలో, నెలల తరబడి ఆటకు దూరమై ఆ ఒక్కరోజు కోసం తిరిగివచ్చిన మున్యోజ్ ఒకరు.

ఆ ఆట చూడ్డానికి బెంగాల్స్ జట్టు వ్యవస్థాపకుడు పాల్ బ్రౌన్ తన కుమారులతో కలిసి వెళ్లారు. మూడుసార్లు కోత పడిన మోకాళ్లను చూసి ఇతర జట్లు వెనకాడుతున్న వేళ, ఆ కుటుంబం ఆయన ఆడిన తీరు చూసింది. అప్పుడే బెంగాల్స్‌కు కొత్త శిక్షకుడిగా ఫారెస్ట్ గ్రెగ్ వచ్చారు. గ్రీన్ బే ప్యాకర్స్‌కు టాకిల్‌గా ఆడి, ఈ ఆటలోని మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు సంపాదించిన మనిషి ఆయన. మోకాలి సంగతి స్వయంగా తేల్చుకుందామని కాలిఫోర్నియా వెళ్లి, తానే డిఫెన్సివ్ ఎండ్‌లా నిలబడి, ఆ కుర్రవాడి మీదికి రకరకాలుగా దూసుకువచ్చారు. ఒకసారి లోపలికి మెలితిరగబోగా మున్యోజ్ చేతులు అలవాటుగా లేచి రొమ్ముమీద పడ్డాయి. గ్రెగ్ వెల్లకిలా పడిపోయారు. తనకు ఉద్యోగం ఇవ్వవలసిన పెద్దమనిషిని నేలకూల్చానే అని మున్యోజ్ కంగారుపడి క్షమాపణ చెబుతుంటే, గ్రెగ్ నవ్వుతూ లేచారు. నడివయసు దాటాక కూడా నేలమీద పడి మరీ ఒక కుర్రవాణ్ణి పరీక్షించిన ఆ శిక్షకుడంటే నాకు ఎంతో గౌరవం. ఆ పనిలో ఉన్న సూక్ష్మం తెలిసినవాడు కాబట్టే, తనను పడగొట్టిన చేతుల విలువ ఆయనకు వెంటనే తెలిసింది. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే 1980 డ్రాఫ్ట్‌లో బెంగాల్స్ తమ మొదటి అవకాశాన్ని, మొత్తం మీద మూడవదాన్ని, మున్యోజ్ కోసం వాడారు.

అంతకుముందు ఏడాది పదహారు ఆటల్లో నాలుగే గెలిచిన జట్టు అది. ఆయన రెండవ సీజన్‌కే, 1981లో, పన్నెండు గెలిచి లీగ్ తుది ఆట అయిన సూపర్ బౌల్ దాకా వెళ్లింది. ఆ మార్పంతా ఒక్క మనిషి వల్ల వచ్చిందని నేను అనను. క్వార్టర్‌బ్యాక్ కెన్ ఆండర్సన్ ఆ ఏడాది లీగ్ అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యాడు. మరుసటి సంవత్సరం తాను విసిరిన బంతుల్లో నూటికి డెబ్బయికి పైగా గురికి చేర్చి రికార్డు నెలకొల్పాడు. అటువంటి ఖచ్చితత్వానికి విసిరేవాడి కాళ్లు నేలమీద కుదురుగా నిలబడాలి. వాటిని నిలబడనిచ్చినవాళ్ల పేర్లు ఆ రికార్డు పక్కన రాసి ఉండవు.

ఆ సీజన్లోనే, 1982 జనవరి 10న, సిన్సినాటీలో శాన్ డియేగో చార్జర్స్‌తో జరిగిన ఆటను ఈ ఊరివాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఉష్ణోగ్రత మైనస్ 23 డిగ్రీల సెల్సియస్. నదిమీదినుంచి వీచే గాలి దాన్ని ఇంకా దుర్భరం చేసింది. చార్జర్స్ అంతకు వారం ముందే మయామీ ఉక్కపోతలో అదనపు సమయం దాకా ఆడి వచ్చారు. అటువంటి చలిలో బెంగాల్స్ ఆఫెన్సివ్ లైన్ అయిదుగురూ చేతులకు ఏ ఆచ్ఛాదనా లేకుండా, భుజాలనుంచి మణికట్ల దాకా ఒట్టి చర్మంతో మైదానంలోకి వచ్చారు. చలి తమను ఏమీ చేయలేదని ఎదుటివాళ్లకు మొదటి చూపులోనే తెలియజేయడం వారి ఉద్దేశం. బెంగాల్స్ 27–7తో గెలిచారు.

రెండు వారాల తర్వాత సూపర్ బౌల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో చేతిలో 26–21తో ఓడిపోయారు. ఆ ఆట మూడవ పావులో బెంగాల్స్ ఎదుటి జట్టు గోల్ గీతకు మూడు గజాల దూరం వచ్చి, నాలుగు ప్రయత్నాల్లోనూ బంతిని దాటించలేకపోయారు. లైన్‌మన్లకు అంతకంటే చేదైన ఓటమి ఉండదు, ఎందుకంటే ఆ చివరి గజం పూర్తిగా వారి భుజాల మీదే ఉంటుంది. ఏడేళ్ల తర్వాత, 1989 జనవరి 22న, అదే శాన్ ఫ్రాన్సిస్కో చేతిలో మరో సూపర్ బౌల్ 20–16తో పోయింది; ఆట ఇంకా 34 సెకన్లుందనగా వారి క్వార్టర్‌బ్యాక్ జో మొంటానా విసిరిన బంతి గీత దాటింది. రెండు ఆటల్లోనూ కలిపి తొమ్మిది పాయింట్ల తేడా. వేలికి ఛాంపియన్ ఉంగరం లేదు కాబట్టి మున్యోజ్ స్థాయి కొంత తక్కువని వాదించేవాళ్లున్నారు. వారితో నేను ఏకీభవించను. మొంటానా చివరిసారి 92 గజాలు జట్టును నడిపించుకు వెళ్లినప్పుడు మున్యోజ్ మైదానం అంచున నిలబడి ఉన్నారు. తమ జట్టు దగ్గర బంతి ఉన్నప్పుడే ఆడే ఆఫెన్స్ ఆటగాడు ఆ సమయంలో చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది పట్టించుకోరు. లెఫ్ట్ టాకిల్ విలువ గురించి ఎవరు చెప్పినా, కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు ఎడమవైపు కనబడదు కాబట్టి ఆ వైపు కాపలా కాసేవాడు ముఖ్యమని చెబుతారు. అది నిజమే. కుడిచేతి వాటం ఉన్న ఆండర్సన్ విషయంలో మున్యోజ్ చేసిందీ అదే. కానీ 1985 నుంచి ఆ స్థానంలోకి వచ్చిన బూమర్ ఎసాయసన్‌ది ఎడమచేతి వాటం. ఎడమచేత్తో విసిరేవాడు ఎడమవైపుకే ముఖం పెట్టి నిలబడతాడు, అతడి వీపు కుడివైపుకు ఉంటుంది. కాబట్టి తన వృత్తిలో సగానికి పైగా మున్యోజ్ కాపాడినది క్వార్టర్‌బ్యాక్ కళ్లెదుటి పక్కనే. అయినా ఆ సంవత్సరాల్లోనూ లీగ్‌లో ఆయనే మొదటివాడిగా ఎంపికవుతూ వచ్చారు. 1987లోనూ, 1988లోనూ అత్యుత్తమ ఆఫెన్సివ్ లైన్‌మన్‌గా గుర్తింపు పొందారు. దీన్నిబట్టి ఆయన విలువ నిలబడిన చోటువల్ల వచ్చింది కాదని నాకు అనిపిస్తుంది. ఎదుటి జట్లు తమ అత్యంత ప్రమాదకరమైన మనిషిని అలవాటుగా ఆ పక్కకే పంపేవి, ఆ మనిషి ఆట పొడుగునా కనబడకుండా పోయేవాడు. పరుగు ఆటలో చూసినా, 1988లో లీగ్‌లో అందరికంటే ఎక్కువ గజాలు పరిగెత్తిన జట్టు బెంగాల్సే. శిక్షకుడు సామ్ వైష్ ఆటల మధ్య గుమిగూడి మాట్లాడుకోవడం మానిపించి, డిఫెన్స్‌కు ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా చేసిన రోజులవి. ఎదుటివాడికి విశ్రాంతి లేదంటే ఈ అయిదుగురికీ లేనట్టే.

అటువంటి ఆటను ఆ మోకాళ్లతో ఆయన ఎలా భరించారు? ఇంట్లోనే బరువులెత్తే గది ఏర్పాటు చేసుకున్నారు. రోజూ మూడు నాలుగు మైళ్లు పరిగెత్తేవారు. వైద్యులు అనుమానించిన ఆ మనిషి తొలి పన్నెండు సీజన్లలో గాయాల వల్ల పోగొట్టుకున్నది మూడే మూడు ఆటలు. మొత్తం 185 ఆటలు ఆడారు. 1981 నుంచి 1991 దాకా మేటి ఆటగాళ్లంతా కలిసి ఆడే ప్రో బౌల్‌కు వరుసగా పదకొండుసార్లు ఎంపికయ్యారు, ఆ ఏటి ఉత్తములను ఎంచే ఆల్ ప్రో మొదటి జట్టులో తొమ్మిదిసార్లు నిలిచారు. అంకెలు సరిపోవన్న నేనే ఇన్ని అంకెలు చెబుతున్నాను, కానీ ఇవి బంతి లెక్కలు కావు. ఆ రోజుల్లో ప్రో బౌల్ జట్టుకు ఓటు వేసింది ఆటగాళ్లూ శిక్షకులే. ఆ తీర్పు ఎదురుగా నిలబడి దెబ్బ తిన్నవాళ్ల సాక్ష్యం.

బంతి లెక్కలూ కాసిన్ని ఉన్నాయి. లైన్‌మన్ ముందుగా రిఫరీకి చెప్పుకుంటే విసిరిన బంతిని పట్టవచ్చునన్న నియమం ఒకటి ఉంది. దాన్ని ఉపయోగించుకుని మున్యోజ్ తన వృత్తి మొత్తంలో ఏడు బంతులు పట్టారు, వాటిలో నాలుగు టచ్‌డౌన్లు, అంటే గోల్ గీత దాటి పాయింట్లు తెచ్చినవి. అన్నీ కలిపి 18 గజాలు. పిచ్చర్ చేతులు కదా.

1992 సీజన్‌తో సిన్సినాటీలో ఆయన ఆట ముగిసింది. మరుసటి ఏడాది, సామ్ వైష్ శిక్షణలోనే ఉన్న టాంపా బే జట్టులో చేరారు గానీ, సీజన్‌కు ముందరి ఆటల్లోనే భుజం దెబ్బతిని విరమించారు. 1994లో లీగ్ డెబ్బయ్యయిదేళ్ల ఉత్తమ జట్టులోనూ, ఆ తర్వాత నూరేళ్ల ఉత్తమ జట్టులోనూ ఆయన పేరు ఉంది. 1998లో, అర్హత వచ్చిన మొదటి సంవత్సరంలోనే, ఒహాయోలోని కాంటన్‌లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. ఆ వేదికమీద ఆయనను సభకు పరిచయం చేసినది కుమారుడు మైకేల్. మైకేల్ కూడా తరువాత విశ్వవిద్యాలయ స్థాయిలో టాకిల్‌గా ఆడాడు.

ఆయన తరువాత టాకిల్‌ను వెతికే పద్ధతి మారింది. నేడు లైన్‌మన్లు ఆయనకంటే పది పదిహేను కిలోలు ఎక్కువ బరువు ఉంటారు, కానీ టాకిల్‌ను పరిశీలించేవాళ్లు అతడు బాస్కెట్‌బాల్ ఆడాడా, బేస్‌బాల్ ఆడాడా, పక్కకు ఎంత తేలికగా కదులుతాడు అని అడుగుతారు. ఆ ప్రశ్నల వెనక మున్యోజ్ పాదాలు ఉన్నాయని నేననుకుంటాను. మైదానం బయట చేసిన సేవకు 1991లో లీగ్ ఆయనను ఆ ఏటి మేటి మనిషిగా సత్కరించింది. 2002లో సిన్సినాటీలో తన పేరిట స్థాపించిన సంస్థ ఈ ప్రాంతపు పిల్లల కోసం పనిచేస్తోంది. ఆడిన ఊరినే సొంత ఊరు చేసుకున్నారు.

ఈ వృత్తి అందరినీ ఇలా క్షేమంగా వదిలిపెట్టలేదని కూడా చెప్పాలి. అదే కాలంలో, అదే విభాగంలోని పిట్స్‌బర్గ్ జట్టుకు సెంటర్‌గా ఆడిన మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభయ్యేళ్లకే చనిపోయారు. ఏళ్ల తరబడి తలకు తగిలిన దెబ్బలవల్ల వచ్చే మెదడు వ్యాధి ఆయనలో ఉన్నట్టు మరణానంతర పరీక్షలో తేలింది. లైన్‌లో ఆడేవాళ్లకు తలలు తాకడం దాదాపు ప్రతి ఆటలోనూ జరిగే పని. మున్యోజ్ ఆటను ఎంత ప్రేమించినా, ఆ వరుసలోని మిగతావాళ్లను మరచి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు తెరమీద ఒక చిన్న భాగం చూద్దాం. ఇది 1989 జనవరి 8న రివర్‌ఫ్రంట్‌లో బఫలో మీద బెంగాల్స్ 21–10తో గెలిచి సూపర్ బౌల్‌కు వెళ్లిన ఆట. బఫలో తరఫున కుడి చివర నిలబడిన మనిషి బ్రూస్ స్మిత్; వృత్తి ముగిసేనాటికి 200 సాక్‌లతో రికార్డు నెలకొల్పినవాడు, ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ దాటలేదు. అతడికి ఎదురుగా ఉన్నది మున్యోజ్. వెనక వరుసలోని పిల్లలు ముందుకు రండి, అక్కడినుంచి పాదాలు కనబడవు. బంతి ఎటు పోయినా పోనివ్వండి. సెంటర్‌కు ఎడమపక్కన రెండవ మనిషి, నల్ల చారల నారింజ హెల్మెట్, 78. ఎడమ పాదం మొదట కదులుతుంది, చూడండి.